ఇంటికి ఒక్కటే

డులూత్,
నవంబరు 6, 2002.

వెర్న్‌కి,

ఇక్కడ నేనూ, కుక్కా క్షేమం. కారు మాత్రం పొద్దున్నే కాసేపు దగ్గి గానీ కదలడం లేదు. అక్కడ ఓడలో నువ్వూ, నీ మోకాలూ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం సోమవారం అందింది. డెట్రాయిట్ దగ్గర ఓడ మీంచి టపా పడవలోకి ఉత్తరాల బకెట్ దించిన రోజున వాన పడ్డట్టుంది, సగం సిరా కారిపోయింది. అయినా నీ ప్రశ్నల్లో ఒక్కటీ చెరిగిపోలేదు.

వరసగా చెబుతాను. పొగగొట్టం తుడిపించాను. చూరు గట్టర్లలో ఆకులు తీయడం కూడా అయిపోయింది. ఇక మూడోది, నువ్వు ప్రతి ఉత్తరంలోనూ అడిగేది: హీటరు రిబేటు చెక్కు వచ్చిందా? రాలేదు. రాదు కూడా. తీరిగ్గా కూర్చుని చదువు.

మార్చిలో నువ్వు ఓడ ఎక్కే ముందు గరాజు కోసం ఆ కిరోసిన్ హీటరు కొన్నావు. "నూట ఇరవై డాలర్లయితేనేం, నలభై వెనక్కొస్తాయిగా!" అని కొట్టువాడి ముందు ఎంత మురిసిపోయావు! ఆ నలభై రప్పించే పని మాత్రం నా నెత్తిన పెట్టి వెళ్లావు.

ఫారం నింపాను. అసలు రసీదు పెట్టాను. పెట్టె మీద ఉన్న బార్‌కోడు కత్తెరతో కోసి జత చేసి హీటరు కంపెనీకి పంపాను. ఆరు వారాల తర్వాత అన్నీ తిరిగొచ్చాయి. పెట్టె మీద బార్‌కోడులు రెండున్నాయట, నేను కోసింది వాళ్లకి కావలసింది కాదట. రెండోది కోసి పంపాను. రసీదు మీద తేదీ సరిగ్గా కనబడడం లేదని మళ్లీ తిప్పికొట్టారు. కొట్టుకి వెళ్లి, వరసలో నిలబడి, కొత్త రసీదు వేయించుకుని మళ్లీ పంపాను. ఆగస్టులో ఇంకో ఉత్తరం వచ్చింది. "ఈ చిరునామా నుంచి ఇదివరకే ఒక దరఖాస్తు అందింది. ఈ సదుపాయం ఇంటికి ఒక్కటే."

ఫోను చేశాను. నలభై నిమిషాలు వాళ్ల సంగీతం విన్నాక ఒక పిల్ల పలికింది.

"మీ ఇంట్లోంచే ఇంకొకరు పంపారండీ."

"మా ఇంట్లో ఉండేది నేనూ, కుక్కా. కుక్కకి సంతకం రాదు."

"పేరు చెప్పడానికి వీల్లేదండీ. ఇంటిపేరు మాత్రం మీదే."

"అయితే అది మా ఆయనే తల్లీ! ఒక మనిషిని రెండుసార్లు ఎక్కించుకున్నారు మీరు."

"ఆ మాటే కాగితం మీద రాసి పంపండి. ఎనిమిది నుంచి పది వారాలు పడుతుందండీ."

రాసి పంపాను. వెర్న్, నాకు యాభై ఎనిమిదేళ్లు. ఆస్పత్రి వంటగదిలో పగలంతా నిలబడి వచ్చి, సాయంత్రం బల్ల ముందు కూర్చుని, నేను నేనేనని ఎవరికో రుజువు చేసుకోవడం ఎంత విసుగో నీకు తెలియదు. నలభై డాలర్ల కోసం కాదు, నేను అబద్ధాలకోరునన్నట్టు రాశారే, అందుకు పట్టు పట్టాను.

పోయిన నెలాఖర్లో ఒక పోస్టుకార్డు వచ్చింది. కిరాణా కొట్ల ప్రకటనల్లో కలిసిపోయి ఉంది, పారేయబోయాను. తిప్పి చూస్తే అదే చెక్కు. అది ఎల్డన్ నియెమి పేరున ఉంది.

అవును, నీ తమ్ముడి పేరే. ఆరేళ్లుగా మన ఇంట్లో ఎవరూ పలకని పేరు. ఇక్కడ ఉత్తరం చింపేయకు, నా మీద ప్రేమ ఏమాత్రం ఉన్నా చివరిదాకా చదువు.

నిజం చెబుతున్నాను, ముందు నాకూ ఒళ్లు మండింది. మీ నాన్న పడవని నీకు చెప్పకుండా అమ్మి తాగేసింది చాలక, ఇప్పుడు మన ఇంటి నంబరు కూడా వాడుకుంటాడా అనుకున్నాను. ఆ కార్డు వాడి మొహాన కొట్టి రావాలనే బయలుదేరాను. వాడు మునుపు తిరిగే గాలాలూ ఎరలూ అమ్మే కొట్లో అడిగితే, వెనకాల చక్రాల మీద ఉన్న పాత ట్రైలరు ఇల్లు చూపించారు.

తలుపు తీసిన మనిషిని పోల్చుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. మూడు స్వెట్టర్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కున్నాడు. కిటికీ అద్దానికి లోపలివైపు మంచు పట్టి ఉంది. మూలన హీటరుంది, అచ్చం మనదే. దాని మీద కాఫీ గిన్నె పెట్టుకున్నాడు.

"అది వెలిగించవేం?" అన్నాను. తిట్టాలని వెళ్లి, నోటికొచ్చిన మొదటి మాట అదీ.

"పాడైంది వదినా. వారం వెలిగింది, అంతే. కొట్టుకి పట్టుకెళ్తే, పెట్టె మీద బార్‌కోడు కోసేశావు, వెనక్కి తీసుకోం అన్నారు. రిబేటుకి కోయమన్నది మీరేగా అన్నా. అయితే వెళ్లి రిబేటువాళ్లనే అడుక్కో అన్నారు." చెబుతూ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, ఏం చేయను! ఆ నవ్వులోనే దగ్గు అందుకుని ఎంతసేపటికీ ఆగలేదు వాడికి.

"మా ఇంటి నంబరు ఎందుకిచ్చావు?" అని అడిగాను.

"పోస్టాఫీసు పెట్టె నంబరు చెల్లదంట. వీధి పేరూ ఇంటి నంబరూ ఉండాలని ఫారంలో రాశారు. నాకింకే ఇల్లు తెలుసు వదినా?"

వెర్న్, ఆ మాట విన్నాక కార్డు మొహాన కొట్టడం నా వల్ల కాలేదు. అదే రోజు కారెక్కించుకుని తీసుకొచ్చాను. ఇవాళ్టికి తొమ్మిది రోజులైంది, నేలమాళిగలో బాయిలరు పక్కన పడుకుంటున్నాడు. ఇది మొదటి పేజీలోనే చెప్పాల్సింది. ధైర్యం చాలక ఇంతదాకా లాక్కొచ్చాను. గట్టర్లు శుభ్రం చేసింది వాడే. వద్దన్నా నిచ్చెనెక్కాడు. శనివారం సౌనా గది వేడి చేసి, ఒంటికి ఆవిరి పట్టమని లోపలికి పంపాను. బయటికొచ్చినప్పుడు చూస్తే వీపు మీద ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. తాగుడు మాని పద్నాలుగు నెలలైందట. నేను నమ్మాను. నువ్వు నమ్మకపోతే నిన్ను తప్పుపట్టను. మోసం జరిగింది నీకు, నాకు కాదు.

"వాడు గడప తొక్కిన రోజు నేనీ ఇంట్లో ఉండను" అన్నావు ఆ రోజు. ఆ మాట మరిచిపోయి తీసుకురాలేదు. నిన్ను అడగకుండా తీసుకొచ్చినందుకు భయపడుతూనే ఉన్నాను, రెండు రాత్రులు నిద్ర కూడా లేదు. కానీ అడిగి, నీ ఉత్తరం కోసం మూడు వారాలు ఆగితే, ఆ ట్రైలరులో మనిషి మిగిలి ఉండేవాడని నాకు నమ్మకం లేదు. డాక్టరు న్యుమోనియా అన్నాడు. మందులు వాడుతున్నాం, జ్వరం దిగింది.

వాడు బట్టల సంచి ఇంకా విప్పలేదు. మెట్ల కిందే ఉంచుకున్నాడు. ఫోను మోగితే చాలు, లేచి నిలబడతాడు. నిన్న అన్నం బల్ల దగ్గర, తల ఎత్తకుండా, "అన్నకి రాశావా?" అన్నాడు. రేపు రాస్తానన్నాను. ఇదిగో, రాస్తున్నాను.

పొమ్మని నేను చెప్పలేను వెర్న్. ముప్పై మూడేళ్ల కాపురంలో నీ మాట చాలాసార్లు నా నోటితో చెప్పాను, మీ అక్కకీ, మన పిల్లలకీ, అప్పులవాళ్లకీ. ఇది మాత్రం నాతో చెప్పించకు. నీ జవాబు వచ్చినప్పుడు నేను విప్పను. అంటించిన కవరు అంటించినట్టే వాడి చేతికిస్తాను. చదివేది వాడేనని గుర్తుంచుకుని రాయి.

ఇట్లు,
నీ మాట ఒకటి దాటిన నీ ఇంటిది,
మార్లిస్