సంప్రదింపులకు ముందే కాలిన కప్పు

ఉద్యోగ వివాదాల విచారణాధికారి గారి సముఖమునకు,

లాంగ్టన్ పింగాణీ కార్ఖానాలో కప్పులకు బంగారు గీతలు దిద్దిన ఎర్నెస్ట్ మేచిన్, వయసు అరవై మూడు, వ్రాసుకొను అర్జీ.

విషయం: పని తగ్గిందన్న మిషతో నన్ను తొలగించిన ఉత్తర్వు రద్దుచేసి, నా పనిబల్ల నాకు తిరిగి ఇప్పించుట గురించి.

అయ్యా,

ముప్పై నాలుగేళ్ల కిందట కార్ఖానాలో మొదటిసారి మనుషులను తీసేసినప్పుడు, నా పక్క బల్ల మిత్రుడు నా భుజం మీద చెయ్యి వేసి, "మనిద్దర్లో ఎవడికి ముందు తెలిస్తే వాడు రెండోవాడికి చెప్పాలిరా. ఒట్టు" అన్నాడు. ఆ ఒట్టు సంగతి చివర మనవి చేస్తాను.

1. మార్చి 14న యాజమాన్యం నన్ను సంప్రదింపులకు పిలిచింది. నిర్ణయానికి ముందే ఉద్యోగి మాట వినవలెనని చట్టం. నేను గ్రంథాలయంలో కూర్చుని ఆ చట్టం మూడుసార్లు చదివాను. గీతల పనివాళ్లం నలుగురం వారానికి నాలుగు రోజులే పనిచేస్తే ఎవరూ పోనక్కరలేదని పదకొండు పేజీలు రాసుకువెళ్లాను. సిబ్బంది అధికారిణి మిస్ హల్మ్ "ఇంకా ఏమీ తేల్చలేదండీ ఎర్నెస్ట్ గారూ, మీ మాట వినడానికేగా పిలిచింది" అన్నారు. రెండో పేజీలో "టీ చల్లారిపోతోంది, తాగండి" అన్నారు. ఆరో పేజీలో గడియారం చూశారు.

2. నలుగురిలో ఎవరిని తీసేయాలో మార్కులు వేసి తేల్చామన్నారు. ఆ పట్టిక నన్ను పంపేశాకే చూపారు. "మార్పుకు అలవాటుపడుట" అన్న గడిలో నాకు పదికి రెండు. కొత్త యంత్రం గీసే గీత వంకరగా ఉందని నేను చెప్పిన మాట నిజం. అది వంకరగానే ఉంది.

3. మార్చి 31న వీడ్కోలు జరిగింది. వెళ్లేవారికి పేరు, చివరి రోజు తేదీ బంగారంతో రాసిన కప్పు ఇవ్వడం మా ఆచారం. ఇంటికొచ్చి దానిని కడిగి బోర్లించాను. బంగారం దిద్దాక బట్టీలో కాల్చిన తేదీ ప్రతి కప్పు అడుగునా వేయడం మా నియమం. అలవాటు కొద్దీ దీనికీ వేశారు. మార్చి 2. నా మాట వినడానికి పన్నెండు రోజుల ముందే నా ఆఖరి తేదీ కాలి, చల్లారి, అరలో కూర్చుంది. కప్పును ఈ అర్జీకి జతపరిచాను. పగలకుండా చూడగలరు.

అయ్యా, నాకు పరిహారం అక్కరలేదు, బల్ల కావాలి. మానేసిన చెయ్యి నిలవదు. ఇంట్లో ఉన్న పళ్లేలన్నిటికీ మామూలు రంగుతో అంచులు దిద్దాను. మా ఆవిడ డోరిస్ "ఇంక కుక్క గిన్నె ఒక్కటే మిగిలింది, అదీ కానివ్వు" అంది. నవ్వించడానికే అంది. అదీ అయింది. మొదటి పళ్లెం అంచు తిన్నగా వచ్చింది. కుక్క గిన్నె అంచు వణికింది. తమరు ఆలస్యం చేస్తే, బల్ల ఇచ్చినా నేను చేయగలిగింది ఉండదు.

కావున కప్పు అడుగును ముందుగా చిత్తగించి, పై కాగితాలు ఆ తర్వాత చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఎర్నెస్ట్ మేచిన్

మరొక మనవి: కప్పు మీద రాత ఎవరిదని విచారణలో అడుగుతారు. పక్కనే కూర్చున్నవాడి చేతిరాత నాకు తెలియదా? నేను పంటి డాక్టరు దగ్గరికి వెళ్లిన పూట దిద్ది ఉంటాడు. నా పేరులో ఒక్క అక్షరం వణకలేదు. ఆ తర్వాత ఇరవై తొమ్మిది రోజులు నా బిస్కట్లు తిన్నాడు. మార్చి 14 ఉదయం "వెళ్లరా, గట్టిగా మాట్లాడు, వింటార్లే" అని నన్ను లోపలికి పంపాడు. మిస్ హల్మ్‌ను నేను ఎప్పుడో క్షమించాను. వాడి పేరు రాసుకోండి: ఆలన్ కోల్‌క్లఫ్.