మోషే పుస్తకం పదిలం

కరీంనగర్,
4 జూన్ 1988

పెద్దక్కకు తమ్ముడు మోషే దండాలు.

మా టీవీ సర్వీసు సెంటర్ల సూపర్‌వైజర్ కుర్చీ మళ్ళా ఖాళీ అయింది. రెండుసార్లు నన్ను దాటి పోయింది. ఈసారి గుడ పోతే ఇగ ఈ రిపేరు బల్ల కాడనే ముసలోన్నయిత. ప్రార్థనల నా పేరు జర గట్టిగ తలువు.

మా మేనేజర్ జగన్మోహన్‌రావు సారు ఒక రిజిస్టర్ తెచ్చి నడుమ పెట్టిండు. "ఎవలకు ఏం తెలుసో గిండ్ల రాయుండ్రి, అందరు చూసి నేర్సుకోవాలె" అన్నడు. పదకొండేండ్లసంది నేను రిపేరు కిటుకులు రాసుకున్న పుస్తకం గిండ్ల ఎక్కిస్తే నిన్న మొన్న వచ్చిన కైలాసం నాకు సరిజోడైతడు. ఇగ కుర్చీ నాకెందుకిస్తరు? "నా పుస్తకం ఊర్ల ఉంది సార్" అన్న. ఆ మాట అబద్ధం కావద్దని నీకు పంపుతున్న. పదిలంగ పెట్టు.

నీ తమ్ముడు,
మోషే

తా.క. దాంట్ల కాయిదం చింపి చింతపండు పొట్లం కట్టకు. నా టెన్త్ సర్టిఫికెట్ వాసన ఇంకా పోలే.

*

భైంసా,
11 జూన్ 1988

తమ్ముడు మోషేకు అక్క మగ్దలేనమ్మ దీవెనలు.

పుస్తకం అందింది. నీ కుర్చీ కోసం ప్రార్థించాను. మన స్త్రీల సమాజంలో కొత్త పాటను ఎట్లా పదిలం చేస్తామో, నీ పుస్తకాన్నీ అట్లాగే చేశాను. నిశ్చింతగా ఉండు.

అక్క

తా.క. మన సమాజంలో పాడే దెబోరా అడగమన్నది. బొమ్మ కిందికీ మీదికీ పొర్లుతుంటే తిప్పవలసిన మీట ఎడమదా, కుడిదా? ఆ పుటలో నీ చాయ్ మరక ఉంది.

*

కరీంనగర్,
9 జూలై 1988

పెద్దక్కకు మోషే దండాలు.

పాటల లెక్క నా పుస్తకం గుడ సమాజం పెట్టెల పెట్టి బీగం వేసినవన్నమాట, పానం నిమ్మలమైంది. గని ఇక్కడ కొత్త పరేషాన్. భైంసా నుంచి వారానికి పది పన్నెండు ఫిర్యాదు కార్డులు వచ్చేటివి. మూడు వారాలసంది ఒక్కటి రాలే. "మీ ఊర్ల టీవీలన్ని ఒక్కపారే మంచిగైనయా మోషే?" అని సారు అడిగిండు. నవ్వలే. కైలాసం ఊకుంటడా? "ఎవడో చాటుగ దుకాణం తెరిచిండు సార్" అన్నడు.

శుక్రవారం సారే స్వయంగ అక్కడికి వస్తుండు. పుస్తకం ఊర్ల ఉందని చెప్పింది నేనే. సెంటర్ పని నేనే ఊర్ల చాటుగ అమ్ముకున్ననని అనుకుంటడు. ఇగ కుర్చీ కాదు, బల్ల గుడ పోతది. పుస్తకం ఎవ్వల కంట పడకుండ దాచు.

నీ దిక్కే చూస్తున్న,
మోషే

తా.క. ఎడమది. గని ఇంట్ల టీవీ లేని దెబోరాకు గది ఎందుకు?

*

భైంసా,
13 జూలై 1988

తమ్ముడు మోషేకు అక్క దీవెనలు.

నీ పుస్తకాన్ని జొన్నల గుమ్మి అడుగున పెట్టాను. ఎవరూ చూడరు. మిగతా ఇరవై మూడింటి సంగతి నా చేతిలో లేదు. అవి ఎవరి ఇళ్ళలో వారి దగ్గర ఉన్నాయి.

పాట ఒక్కరి దగ్గరే ఉంటే చెదలు తింటాయని గురువారం కూర్చుని తలా ఒక నకలు రాసుకుంటాం గదా. నీ పుస్తకమూ అంతే. టీవీ వెనుక మూత విప్పే పుటలు మాత్రం రాయనివ్వలేదు. అది ప్రాణాలతో పని. ప్రతి పుట పైన నావి రెండు మాటలు చేర్చాను: ముందు ప్రార్థన చేయండి, తర్వాత కరెంటు ఉందో లేదో చూడండి. సగం టీవీలు అక్కడికే బాగవుతున్నాయి.

అక్క

తా.క. ఎడమదే. దెబోరా పదకొండు ఇళ్ళలో తిప్పి చూసింది.

*

కరీంనగర్,
16 జూలై 1988

అక్కా,

ఇరవై మూడా? నేను బీగం అనుకుంటే నువ్వు ఊరంత పంచినవా? నిన్న పోయిన సారు ఇంకా తిరిగి రాలే. కైలాసం అప్పుడే నా బల్ల మీద వాని టిఫిన్ డబ్బా పెట్టిండు. నేను నా పానాలు, స్క్రూడ్రైవర్లు సంచిల సర్దుకున్న. సారు ఇంకా అక్కడనే ఉంటే నకళ్ళ సంగతి చెప్పకు.

మునుగుతున్న తమ్ముడు

తా.క. నిన్ను అబద్ధమాడుమంటలేను. అడిగినప్పుడు దగ్గు.

*

భైంసా,
19 జూలై 1988

తమ్ముడు మోషేకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం సారు వెళ్ళిన తర్వాత అందింది. ముందే అందినా దగ్గేదాన్ని కాదు. అడిగినదానికి ఉన్నది చెప్పాను.

సారు మూడు వాడలు తిరిగారు. మన ఇంట్లో రొట్టె, పుంటికూర తిన్నారు. "ఒక మీట తిప్పుటానికి మనిషిని రెండు దినాలు బస్సుల పంపుతుంటిమి అమ్మా, ఆ బాధ తప్పింది" అన్నారు. ఆయనకు కోపం లేదు. నెల నుంచి పన్నునొప్పి, అందుకని నవ్వలేదట.

మా వాణ్ణి రెండుసార్లు ఎందుకు దాటేశారని అడిగాను. "మోషేను బల్ల కాడికెల్లి లేపితే బాగుచేసెటోడు ఎవడమ్మా? ఇప్పుడు మీ పక్కింటి లస్మవ్వకు గుడ తెలిసె. ఇగ నాకేం ఫికర్?" అన్నారు. నీ సూపర్‌వైజర్ ఆర్డరు మీద సంతకం కోసం అటునుంచే హైదరాబాద్ పోయారు. సోమవారం నీ చేతికి వస్తుంది. కుర్చీలో కూర్చున్నాక మొదటి పని, మూత విప్పే పుటలు కైలాసానికి నేర్పడం. సంచిలోంచి పానాలు బయటికి తియ్యి.

ప్రార్థనలో నిన్ను మరువని
అక్క

తా.క. రిజిస్టర్‌లో పెట్టడానికి సారు లస్మవ్వ నకలు అడిగి తీసుకుపోయారు. ఆమెకు అక్షరాలు రావు. నేను చదువుతుంటే బొమ్మలు గీసింది. ప్రతి పుట పైన జోడించిన చేతులు, పక్కన ఒక బల్బు. తర్వాత నీ పుస్తకం గుమ్మిలోంచి తీసి చూపించాను. సారు పన్నునొప్పి మరిచి నవ్వారు. పదకొండేళ్ళు అది నీ బల్ల మీదే తెరిచి ఉండేదట. అందరూ తొంగి చూసినవారేనట. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదట. దాచే పనే లేదు నాయనా. ఆ రాత చదవగలిగేది నీకు పలక పట్టించిన నేనొక్కదాన్నే.