ల్యాప్‌టాప్ నేనే తీసుకెళ్తున్నాను

ఏమండీ,

కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి. మీ బీపీ మాత్ర టీవీ పక్కన పెట్టాను. ల్యాప్‌టాప్ కోసం ఇల్లంతా వెతక్కండి, నేనే లైబ్రరీకి తీసుకెళ్తున్నాను. పోయిన ఆదివారం నా పరీక్ష సగంలో ఉండగా మ్యాచ్ చూడాలని లాక్కున్నారు. ఈ ఆదివారం ఆ ఛాన్సు ఇవ్వను.

మీరు నా ఆన్‌లైన్ క్లాసుని కాలక్షేపం అనుకుంటున్నారు. సోమవారం పాఠం వస్తుంది. బుధవారంలోగా మన అనుభవం ఒకటి రాసి పెట్టాలి, శుక్రవారంలోగా ఇంకో ఇద్దరు రాసినవాటికి జవాబివ్వాలి, ఆదివారం పరీక్ష. మనుషులతో ఎలా మాట్లాడాలో నేర్పే క్లాసుకి ఇంత చాకిరీ ఉంది. మా క్లినిక్ రిసెప్షన్‌లో పంటినొప్పితో వచ్చి నామీద అరిచేవాళ్లని సముదాయించడానికని చేరాను. ఇంట్లోనూ పనికొస్తుందని అప్పుడు తట్టలేదు.

"ముప్పై ఏళ్లుగా నా బుర్ర తింటోంది, ఇప్పుడు మాట్లాడటం నేర్చుకుంటుందట!" అని మీ చెల్లెలి ముందు నవ్వారు. నేనూ నవ్వేశాను. ఈ వారం అదే రాశాను, నవ్వు రాకపోయినా నవ్వానని. ముక్కూ మొహం తెలియని పదకొండు మంది, తామూ అలాగే నవ్వామని జవాబిచ్చారు. క్లాసు మానేది లేదని అప్పుడే తేల్చుకున్నాను.

వచ్చే వారం పని: ఇంట్లో ఒకరికి పది నిమిషాలు మనసులో మాట చెప్పాలి. వాళ్లు మధ్యలో అడ్డు రాకూడదు. మీ పేరే ఇచ్చాను. మిమ్మల్ని అడగలేదు.

ఇంకో మాట. ఆ తర్వాత పది నిమిషాలు మీవి. నేను నోరెత్తను, ఒట్టు.