ఊరంతా రిసీవర్లెత్తిన రోజు

కనోరా, 1944 మార్చి

అమ్మా పరాస్కా, మన ఓస్తాప్ బతికే ఉన్నాడు! యుద్ధంలో కనిపించకుండా పోయాడన్న మీ తమ్ముడు ఇటలీలో మన కెనడావాళ్ల ఆసుపత్రిలోనే ఉన్నాడట. ఎడమ కాలికి గుండు తగిలింది గానీ కాలు దక్కింది. ఈ వయసులో గంతులేస్తున్నాను తల్లీ.

నిన్న పొద్దున టెలిగ్రాం వచ్చిందని స్టేషన్ మాస్టారు ఫోను చేశాడు. మనతో ఒకే ఫోను తీగ పంచుకునే ఇళ్లన్నీ రిసీవర్లెత్తి వింటున్నాయి. ఎంతమంది ఎత్తితే గొంతు అంత సన్నబడుతుందని నీకు తెలుసుగా. "మీ అబ్బాయి..." వరకే వినబడింది. "పెట్టేయండర్రా, మీకు పుణ్యముంటుంది!" అని అరిచాను. ఒక్కరూ పెట్టలేదు. స్టేషన్ పక్కింటి యవ్దోఖాకి మాత్రం అంతా వినబడినట్టుంది. "అరవకు ముసలోడా, నీ కొడుకు బతికున్నాడు! మమ్మల్ని విననీ!" అంది. అంతే, తీగంతా ఏడుపులూ నవ్వులూ. మీ అమ్మ పిండి చేతులతోనే నా దగ్గర రిసీవరు లాక్కుంది.

ఇప్పుడు వాడికి ఉన్ని మేజోళ్లు అల్లుతోంది, రెండు కాళ్లకీ.

ఈస్టర్ రొట్టెకి ఇక్కడ ఎండుద్రాక్ష దొరకడం లేదు, అక్కడుంటే పంపు. విమానాల ఫ్యాక్టరీలో నీకింకా రాత్రి డ్యూటీయేనా? వేళకు తింటున్నావా? ఆవు ఈనింది, పెయ్యదూడ.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. మీ నాన్న హ్నాత్.

అక్కడి మనవాళ్లకు ఈ రోజే చెప్పాలి: స్టెఫ్కో బాబాయికి, మేనమామ కొడుకు లుకియాన్‌కి, వదిన ఓరిస్యాకి, అందరికన్నా ముందు తెక్లా అత్తకి. వాడు పోయాడనుకుని తలకు కట్టుకున్న ఆ నల్ల రుమాలు విప్పేసి పువ్వులది కట్టుకోమను.