మేఘన ఒంటరిగా ఎగిరింది

శనివారం రాత్రి

ఈరోజు మా అమ్మాయి మేఘన మొదటిసారి ఒంటరిగా విమానం నడిపింది. యుద్ధకాలంలో పైలట్ల శిక్షణకని కట్టిన చిన్న ఎయిర్‌పోర్ట్ అది. నేను కంచె పట్టుకుని చూస్తున్నాను. సరిగ్గా దిగబోతుండగా గాలి పక్కనుంచి కొట్టింది, ఒక రెక్క ఒరిగింది. చక్రాలు నేలకు ఆనకముందే విమానం మళ్లీ పైకి లేచిపోయింది. 

"రేడియోలో ఏమైనా చెప్పండి తనకి," అని పక్కనే రేడియో పట్టుకుని నిలబడ్డ తన ఇన్‌స్ట్రక్టర్‌ని బతిమాలాను.

"చెప్పను. తనే దించాలి," అన్నాడాయన, ఆకాశం మీంచి చూపు తిప్పకుండా.

రెండోసారి మెల్లగా దిగింది. దగ్గరికొచ్చి, "భయపడ్డావా నాన్నా?" అంది.

"లేదమ్మా."

"నాకైతే చాలా భయమేసింది. అందుకే గో అరౌండ్ చేశాను, అంటే దిగకుండా పైకి లేపేశాను, చుట్టు తిరిగొచ్చి మళ్లీ ట్రై చేద్దామని."

తనకి భయమే లేదని చెప్పి ఉంటే, వచ్చే శనివారం మళ్లీ పంపేవాణ్ణి కాదు.