ఉదాహరణకైనా అబద్ధం వద్దు

వెరులం,
19 అక్టోబరు 1997, ఆదివారం.

శ్రీవారికి రత్నకుమారి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నా ఆరోగ్యానికి లోటు లేదు. మస్కట్ ఎండ మిమ్మల్ని మరీ బాధపెట్టడం లేదని అనుకుంటున్నాను.

మీరు పంపిన విమానం టికెట్ అందింది. కవరు విప్పి చూసి మళ్ళీ లోపల పెట్టాను. సంతోషించాలని తెలుసు. ఆ పని తర్వాత చూసుకుందాంలే అన్నట్టు ఉండిపోయాను. డిసెంబరులో వస్తున్నదీ లేనిదీ ఖాయంగా రాయమన్నారు, అక్కడి బళ్ళో నా ఉద్యోగం గురించి మాట ఇవ్వాలన్నారు. రాస్తాను. ముందు మీరడిగిన అరబ్బీ సంగతి.

మీరు మస్కట్ వెళ్ళేముందు చెప్పినట్టే శనివారాలు సిడెన్‌హామ్ వెళ్ళి నేర్చుకుంటున్నాను. నేర్పేది రుకైయా ఆపా అని, బడి నుంచి రిటైరైన టీచరు. వాళ్ళ ముందుగదిలో కొందరు ఆడవాళ్ళం కూర్చుంటాం. నా పక్కన వెనెస్సా అనే నర్సు. రియాద్ ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చిందట. వాళ్ళ ముత్తాతలు చెరుకు నరకడానికి విశాఖ వైపు నుంచి ఓడలో ఈ దేశం వచ్చినవాళ్ళు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ పెంతెకోస్తు సంఘం. ఆమెకి మిగిలిన తెలుగల్లా అవ్వ తిట్లే. నన్ను చూడగానే "వాట్ కైండ్, ఆంటీ?" అంటుంది. ఇక్కడివాళ్ళు బాగున్నావా అనడం అలా.

ఇంగ్లీషులో 'ఈజ్' లేకపోతే వాక్యం నిలబడదు కదా. అరబ్బీకి ఆ మాటే అక్కర్లేదు. అల్-బైతు కబీరున్. ఇల్లు పెద్దది. అంతే. వెనెస్సా ఆ ఈజ్ కోసం పుస్తకమంతా వెతికింది. మన తెలుగూ అంతేనమ్మా, మీ అవ్వ ఎలా తిట్టేదో ఒకటి చెప్పు అన్నాను. "నువ్వు దొంగపిల్ల" అని చెప్పింది. అందులో ఈజ్ ఎక్కడుందో చూపించమన్నాను. "అవ్వ నన్ను అరబ్బీలో తిట్టిందా, ఆంటీ?" అంది. గదంతా నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటున్నాను.

మొదటి మాటని ముబ్తదా అంటారు, మనం ఎవరి గురించో దేని గురించో చెబుతున్నామో అది. రెండోది ఖబర్. మన కబురు ఆ మాటే. మొదటిదానికి ముందు 'అల్' తగిలించాలి, అది ఇద్దరికీ తెలిసినదే కనక. కబురుకి తగిలించకూడదు, వినేవాళ్ళకి అది కొత్త కనక. రెండింటికీ తగిలిస్తే 'ఆ పెద్ద ఇల్లు' అని ఆగిపోతుంది. వినేవాళ్ళు, అయితే ఏమిటి అని ఎదురుచూస్తూ ఉండిపోతారు. బళ్ళో లెక్కలు చెప్పుకునేదాన్ని కదా, ఈ పద్ధతి నచ్చింది. ఈమధ్య నచ్చడానికీ అలవాటు పడటానికీ తేడా సరిగ్గా తెలియడం లేదు, అది వేరే సంగతి.

ఆపాకి ఒక నియమం ఉంది. ఉదాహరణకైనా సరే, ఆ గదిలో అబద్ధపు వాక్యం రాయకూడదు. అబద్ధానికి విభక్తి సరిగ్గా పెట్టి ఏం లాభం అంటుంది. వెనెస్సా 'వెర్నన్ అందగాడు' అని రాసింది. వెర్నన్ ఆమె చేసుకోబోయేవాడు. సాక్షులున్నారా అని ఆపా అడిగింది. వెనెస్సా అది కొట్టేసి, 'వెర్నన్ పొడుగు' అని రాసుకుంది.

కిందటి వారం ఎవరింటి గురించి వాళ్ళని రాయమంది. నేను రాశాను: ఇల్లు పెద్దది. తలుపు మూసి ఉంది. పురుషుడు గదిలో. ఇంట్లో ఆడది లేదా అని ఆపా అడిగింది. స్త్రీ గదిలో, అని కలిపాను. అన్నీ సరిపోయాయంది. పట్టపగలు తలుపెందుకు మూశారని వెనెస్సా అడిగింది. కిందటేడు మనింట్లో దొంగలు పడ్డ సంగతి అందరికీ చెప్పినట్టే వాళ్ళకీ చెప్పాను. దొంగలు గోడ దూకి రావడం, మీరు నన్ను స్నానాలగదిలోకి లాక్కుని గడియ వేయడం. అదృష్టవంతురాలివి ఆంటీ, అంది వెనెస్సా. నేను పెన్సిలు చెక్కుకున్నాను.

అత్తయ్యగారి ఉత్తరమూ వచ్చింది. మావాడు నీకు కోటగోడలా నిలబడ్డాడు, అలాంటివాణ్ణి పరాయిదేశంలో ఒంటరిగా ఉంచడం నీకు ధర్మం కాదు అని రాశారు.

బడి మామూలే. సర్కారు ఇచ్చే ప్యాకేజీ డబ్బు తీసుకుని ఉద్యోగం మానేసే టీచర్లు ఎక్కువయ్యారు. నా పదో తరగతిలో సగంమంది ఇప్పుడు జూలూ పిల్లలు. మీరు కూడా వెళ్ళిపోతున్నారా మ్యామ్, అని మొన్న అడిగారు. తెలియదన్నాను. మీరు పనిచేసిన టోంగాట్ చక్కెర మిల్లువాళ్ళు కనిపిస్తే మిమ్మల్ని అడుగుతుంటారు. వేళకి భోంచేయండి. బీపీ మాత్రలు మానకండి.

ఇట్లు,
రత్నకుమారి.

తా.క. ఆపా దగ్గర రాసిన ఆఖరి వాక్యం అబద్ధం. స్త్రీ గదిలో లేదు.

నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి స్నానాలగదికి లోపల గడియ పడింది. తలుపు బాదాను. ఏమండీ అని పిలిచాను. తర్వాత, పెళ్ళయ్యాక మొదటిసారి, మిమ్మల్ని పేరు పెట్టి పిలిచాను. గిరిధర్, గిరిధర్ అని. వినబడలేదని మీరెప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. దొంగలు నన్ను వంటింటి గచ్చుమీద కూర్చోబెట్టి తుపాకి పెట్టి, అక్కర్లేనివి కూడా మోసుకుపోయారు. పోలీసులొచ్చాక ఇద్దరం లోపలే ఉన్నామని మీరు చెప్పారు. వాళ్ళు నా వైపు చూశారు. నేను తల ఊపాను.

తలుపు తీయనందుకు మీమీద కోపం లేదు. మీ చోట నేనుంటే తీసేదాన్నో లేదో, ఏమో. భయం అలాంటిది. కానీ ఆ తలూపడంతో ఏడాది పైగా కాపురం చేశాను. మస్కట్ వస్తే అక్కడా అదే చేయాలి.

నిన్న ఆపా దగ్గర ఆ కాగితం అడిగి తీసుకుని దిద్దాను. స్త్రీ గది బయట. ఆపా చదివి, కళ్ళజోడు తీసి, కాగితం నాకే తిరిగిచ్చింది. వెనెస్సా టాక్సీల దాకా నా సంచీ మోసింది. నాకు ఏడుపూ రాలేదు, తేలికగానూ అనిపించలేదు. అనిపిస్తుందేమోనని ఇవాళంతా చూశాను.

నేను రావడం లేదు. టికెట్ రేపు రిజిస్టరు పోస్టులో తిప్పి పంపుతున్నాను. అత్తయ్యగారికి ఏం చెబుతారో మీ ఇష్టం. ఆవిడ నన్ను అడిగితే మాత్రం ఈసారి తల ఊపను.