ఖాళీ ట్రైలర్ బరువు

బావా,

రేపు అక్కని ఎక్కించుకుని ఆ ట్రైలర్ లాక్కెళ్ళకు. పోయిన వారం అందులో దాక్కుని లోపల్నించి మూడుసార్లు దబదబా బాదింది నేనే. ఫోర్‌వీల్ డ్రైవ్ జీపని మీసం తిప్పుతావు గానీ, నువ్వు హడలి బ్రేకు తొక్కితే ట్రైలర్ పాములా ఊగి జీపుని కాలవ అంచుదాకా ఈడ్చింది. తప్పే, చెంపలేసుకున్నాను.

నిన్న ఖాళీ ట్రైలర్ నేనే లాక్కొచ్చాను. నేను దాక్కున్న రోజు జీపు వెనక ఎంత కుంగిందని చెప్పావో అంతే కుంగింది. కాలవ దగ్గర అదే ఊపు, అవే మూడు దెబ్బలు. దిగి తలుపు తీస్తే లోపల పురుగు కూడా లేదు.

జీపుకి ట్రైలర్ తగిలించే ఇనప గుండు ఊడదీసి దాచేశాను, తిట్టుకో. ఇదీ వేళాకోళమే అంటావు. నేను నవ్వడం లేదు బావా. పెరట్లో ట్రైలర్లోంచి నా నవ్వు వినిపిస్తోంది.

ఇంకెప్పుడూ ఆటపట్టించని
నీ బావమరిది